సిల్కు రుమాలు పరీక్ష

"మన పౌరసేవల వెబ్‌సైటు చూపు లేనివారికి నూటికి నూరుపాళ్లూ అనుకూలం!" అని డైరెక్టరుగారు ప్రకటించారు. ఆషామాషీగా కాదు, శాస్త్రీయంగా పరీక్షించాకే! కళ్లకు సిల్కు రుమాలు కట్టుకుని, కెమెరాల ముందు కూర్చుని, చకచకా దరఖాస్తు నింపేశారు. రుమాలు ఎంత పల్చనిదో అప్పుడెవరూ అడగలేదు.

వెంటనే ఇంకో ప్రకటన. వెబ్‌సైటును ఎప్పటికప్పుడు పరీక్షించడానికి చూపు లేని ఉద్యోగి కావలెను. దరఖాస్తు వెబ్‌సైటులోనే చేయవలెను.

మా ఆయనకు చూపు లేదు. ఉద్యోగమూ లేదు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మాత్రం "ఏమిటోయ్, నవ్వుతూ వచ్చావ్?" అంటారు. కొత్త కాపురం, ఏడుస్తూ ఎందుకొస్తాను! అయినా ఎలా కనిపెడతారో అని రోజూ ముచ్చటపడతాను.

గడువు చివరి రోజున దరఖాస్తుకు కూర్చున్నారు. ల్యాప్‌టాప్ తెరమీదున్నది పైకి చదువుతుంటే, ఆయన మీటలు నొక్కుతూ చదువూ అనుభవమూ అన్నీ నింపారు. చివర్లో అది "బొమ్మ" అని ఊరుకుంది.

"ఏం బొమ్మ?"

"వంకరటింకర అక్షరాలండీ. అవి కొడితేనే మీరు యంత్రం కాదు, మనిషని నమ్ముతుందట. చదివి చెప్పనా?"

"వద్దు. నువ్వు చూసి చెబితే ఉద్యోగం నీకివ్వాలి."

ఏం పౌరుషం! మురిసిపోయాను. మురుస్తూనే దరఖాస్తు కాగితం మీద అచ్చు తీయించి, ఆయన్ని ఆఫీసుకి బయల్దేరదీశాను.

"కాగితాలు తీసుకోమమ్మా," అన్నారు డైరెక్టరుగారు. "వెబ్‌సైటుకేం రోగం? చూపు లేనివారి నుంచి ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు!"

"ఫిర్యాదు పేజీలోనూ ఆ బొమ్మే ఉంది సార్," అన్నారు మా ఆయన.

"కళ్లకు గంతలు కట్టుకుని నేను చేయలేదుటయ్యా?"

"ఇంకొక్కసారి చేసి చూపించండి సార్, నేర్చుకుంటాం," అన్నాను అతివినయంగా.

డైరెక్టరుగారు రుమాలు కోసం సొరుగు లాగేలోపే, మా ఆయన మెడలోని ఉన్ని మఫ్లరు తీసి డైరెక్టరుగారి కళ్లకు బిగించేశాను. పెళ్లయ్యాక నా మొదటి అల్లిక! "మఫ్లరా, బొంతా?" అని అత్తయ్య వెక్కిరించారు గానీ, ఆ మందం ఇప్పుడెంత అక్కరకొచ్చింది!

వెంట తెచ్చిన మా ల్యాప్‌టాప్‌లో ఆ బొమ్మ పేజీ తెరిచి ముందుకు జరిపాను. డైరెక్టరుగారు మీటలు తడిమారు. సిబ్బంది మూగారు.

"మీరు మనిషి అని రుజువు కాలేదు," అంది ల్యాప్‌టాప్, గది మారుమోగేలా. "మళ్లీ ప్రయత్నించండి."

ప్రయత్నించారు. మళ్లీ మనిషి కాలేకపోయారు!

"ముడి విప్పవమ్మా!"

"బిగిసిపోయిందండీ. ఈలోగా మా దరఖాస్తు తీసుకున్నట్టు సంతకం పెడితే..."

"ఎక్కడని పెట్టను? ఏమీ కనబడి చావదే!"

మా ఆయన కాగితం మీద తన బస్సు పాసు ఆనించి, డైరెక్టరుగారి వేళ్లు తెచ్చి దాని అంచున పెట్టారు. "ఈ అంచు వెంబడే పెట్టండి సార్. మేమిలాగే పెడతాం."

సంతకం ముచ్చటగా కుదిరింది. చిత్రం, ముడి కూడా అప్పుడే ఊడింది!

వారం తిరక్కుండా నివేదిక వచ్చింది. వెబ్‌సైటులో ఏ లోపమూ లేదట. మఫ్లరు మాత్రం చూపు లేనివారికి అనుకూలంగా లేదట, లోపలినుంచి ఏమీ కనబడటం లేదట!

దాంతోపాటే మా ఆయనకు నియామకపు ఉత్తర్వు. మొదటి బాధ్యత: సదరు మఫ్లరును పల్చన చేయించుట.