తల అంటే తలే

ఒక పెద్ద అడవిలో మాటకు విలువ పోయి, టేకాకు మీద రాసినదానికే విలువ వచ్చిన రోజులవి. అక్కడ గుణమ్మ అనే ఏదుపందికి నెలలు నిండుతున్నాయి. వానలు ముదిరేలోగా కాన్పుకు పొడి చోటు కావాలి. పొడి నేల ఉన్న కొండవాలంతా దస్తావేజులు రాసే నక్క పేర పట్టా అయిపోయింది.

"నాకు ఇరుకు గుమ్మంతో మంచి బొరియ తవ్విపెట్టు తల్లీ. వానాకాలమంతా నీకు తల దాచుకునే చోటిస్తా" అంది నక్క. ఆ మాటే ఆకు మీద రాసింది. గుణమ్మ సంబరంగా కాలిముద్ర వేసి, గోళ్ళు అరిగేదాకా తవ్వింది.

మొదటి జల్లు పడగానే పరుగున వచ్చింది. గుమ్మంలో నక్క అడ్డంగా కూర్చుని ఉంది.

"తల లోపల పెట్టుకో. ఒళ్ళు మాత్రం బయటే. రాసింది చదువుకోలేదా?"

గుణమ్మకు ఆ ఒళ్ళే మండిపోయింది. నేరుగా కోర్టుకెక్కింది. జడ్జి అడవిదున్నగారు నెమరు వేస్తూ విన్నారు.

"అయ్యా, తల దాచుకోవడమంటే మా అమ్మమ్మ కాలం నుంచీ ఒళ్ళంతా అనే అర్థమండీ!"

"ఆకు మీద మీ అమ్మమ్మ సంతకం ఉందా?"

"పోనీ అడవిలో ఎవర్నైనా అడగండి!"

"రాసిన ముక్క తేటగా ఉన్నప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు. తల అంటే తలే. వానాకాలమంతా నీ తల బొరియలోనే ఉండవలెను. బయటికి తీస్తే శిక్ష."

ఆమె ఎంత మొత్తుకున్నా దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది.

నక్క పొంగిపోయి విందుకు వెళ్ళింది. గుణమ్మ ఏడుస్తూ వచ్చి బొరియలో తల పెట్టింది. చలిగాలికి వీపు మీది ముళ్ళన్నీ లేచి గుమ్మాన్ని మూసేశాయి.

జోరువానలో నక్క తిరిగొచ్చింది. "జరుగు, జరుగు!"

"జరిగితే తల బయటికొస్తుంది బాబూ. కోర్టు ధిక్కారం!" అంది లోపల్నుంచి గుణమ్మ.

పక్కనుంచి దూరబోతే నక్క మూతిలో ముళ్ళు దిగాయి. కుయ్యోమంటూ అది కోర్టుకు పరుగెత్తింది.

"ఇల్లు నాదండీ! నేను దూరడానికి దారుండాలని వేరే రాయాలా?"

"రాయాలి" అన్నారు దున్నగారు, నెమరు ఆపకుండా.

తడిసి ముద్దయ్యాక నక్క దిగొచ్చింది. "తల్లీ, ఒళ్ళంతా లోపలికి తీసుకుపో. నేనూ ఓ మూల పడుంటాను. కావాలంటే రాసిస్తా!"

"వద్దు బాబూ, రాయకు. నోటిమాటే నయం" అంటూ గుణమ్మ ముళ్ళు దగ్గరికి ముడుచుకుని లోపలికి జరిగింది.

ఆ సాయంత్రమే ఆమెకు కాన్పయింది. పిల్లల్ని వెచ్చగా పక్కలో వేసుకుని నిద్రపోయింది. నక్క మాత్రం ఎటు కదిలితే ఏ ముల్లు గుచ్చుకుంటుందోనని ఊపిరి బిగబట్టుకుని వానాకాలమంతా మూలనే కూర్చుంది.

నీతి: తల ఒక్కదానికే చోటు రాసిచ్చే తెలివైనవాళ్ళు, ముందు ఆ తల వెనకాల ఏముందో చూసుకోవాలి.