రెండో నంబరు జీపీఎస్‌ను బాగుచేయరాదు

భూమ్మీద మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో మనిషికి తెలియదు. అది ఆకాశం చెప్పాలి. ఆకాశం చెప్పినదాన్ని చేతిలోని యంత్రం వినాలి, యంత్రం విన్నదాన్ని తాలూకా కచేరీ నమ్మాలి. మా పిప్పర్‌గొండి తాలూకాలో పరిపాలన యావత్తూ ఈ మూడు మెట్ల మీద నడుస్తోంది. నిలబడి ఉన్న మనిషినే అడిగితే పోదా అని కొందరు తెలివితక్కువవాళ్లు అంటుంటారు. అందుకు ఫారం లేదు.

నా పేరు గోమాస్కర్. కచేరీలో అటవీ హక్కుల విభాగం గుమస్తాను. యంత్రాల పెట్టె తాళంచెవి నా మొలతాడుకు కట్టి ఉంటుంది (ఇది ఉత్తర్వు కాదు, నా భయం). పెట్టెలో చేతి జీపీఎస్‌లు రెండే రెండు, ఒకటో నంబరు, రెండో నంబరు. ఏదో ఒకదాన్ని పట్టుకుని పొలం చుట్టూ నడిస్తే మూలమూలకూ చోటు, తేదీ, వేళ తనలో రాసుకుంటుంది. ఆ కాగితం ఉంటేనే అడవిలో దున్నుకునేవాడికి పట్టా.

మా ఉపవిభాగాధికారి పురుషోత్తం దేవ్‌తళే సాహెబు వచ్చీ రాగానే ఒక ఉత్తర్వు ఇచ్చారు. "యంత్రం చూపిన అంకెను ఏ ఉద్యోగి గానీ, ఏ అర్జీదారు గానీ, ఏ కారణం చేతనైనా ప్రశ్నించరాదు." అంతకుముందు ఒక రైతు, యంత్రం తన పొలాన్ని అరేబియా సముద్రంలో చూపిస్తోందని నానా గొడవా చేశాడు. ఉత్తర్వుతో గొడవ సద్దుమణిగింది. పొలం మాత్రం ఇంకా సముద్రంలోనే ఉంది.

నిరుడు హోలీ అయిన వారానికి రెండో నంబరుకు ఏదో అయింది. చోటు సరిగ్గానే చెబుతుంది, వేళ సరిగ్గానే చెబుతుంది, వారం కూడా తప్పదు. తేదీ మాత్రం 2004 ఆగస్టు అంటుంది. నేను నియమం ప్రకారం రాష్ట్ర ఉపకరణ స్వస్థతా కేంద్రానికి ఫిర్యాదు రాశాను. బ్యాటరీలు మార్చమన్నారు, మార్చాను. ఆకాశం కనబడేచోట అరగంట ఉంచమన్నారు. కచేరీ మేడ మీద ఉంచి, కాకి ఎత్తుకుపోకుండా పక్కనే ఎండలో కూర్చున్నాను. రెండు మీటలు ఒకేసారి నొక్కిపట్టమన్నారు. పట్టాను. యంత్రం తన జ్ఞాపకమంతా తుడిచేసుకుని, కాసేపు ఊపిరి పీల్చుకుని లేచి, మళ్లీ 2004 అంది.

నెల తర్వాత కేంద్రం నుంచి చివరి ఉత్తరం వచ్చింది. "మీ ఫారంలో లోపం తలెత్తిన తేదీ ఆగస్టు 2004 అని ఉన్నది." (యంత్రం చూపిన తేదీనే రాయాలి కదా, రాశాను.) "సదరు యంత్రం కొన్నది 2009లో. కొనని యంత్రం చెడిపోవడానికి వీలులేదు. ఫిర్యాదు మూసివేయడమైనది."

ఇక చేసేదిలేక బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే ఇస్మాయిల్ దగ్గరికి తీసుకుపోయాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, మూత తీసి, ఊది, మూత పెట్టాడు.

"దీనికి రోగం లేదు బాబూ. మతిమరుపు."

"అంటే?"

"పైన తిరిగే ఉపగ్రహాలు వారాలు లెక్కపెడుతయి. వెయ్యిన్ని ఇరవై నాలుగు వారాలైతే మళ్ల సున్నా నుంచి మొదలు. అంటే ఇరవై ఏండ్లకు కొంచెం తక్కువ. కొత్త మిషన్లకు ఆ సంగతి ఎరుక. ఇది పాతది, సున్నా అంటే నిజంగనే సున్నా అనుకుంటది. పాపం, లెక్క తప్పలే, చుట్టు తప్పింది."

"బాగవుతుందా?"

"కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్ కావాలె. వాళ్లు దీన్ని ఎప్పుడో మర్చిపోయిండ్రు. దీన్ని జూసి వాళ్లు నేర్చుకున్నరో, వాళ్లను జూసి ఇది నేర్చుకున్నదో!"

రెండో నంబరును పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఒకటో నంబరుతో ఏడాది గడిచింది. ఈ జూన్‌లో ఒకటో నంబరు మంత్రిగారి హెలిప్యాడ్ కొలవడానికి జిల్లాకు వెళ్లింది. మంత్రిగారు రాలేదు. యంత్రమూ తిరిగి రాలేదు.

సరిగ్గా అప్పుడే కోసంటోలా నుంచి సోంజీబాయి హిచామి వచ్చింది. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. అడవి అంచున రెండున్నర ఎకరాల వరి పొలం. పట్టా కోసం ఇప్పటికి రెండుసార్లు అర్జీ పెట్టింది, రెండుసార్లూ పోయింది. ఈసారి అడవి శాఖ మనుషులు ఆమె గట్టు మీద సున్నం గీత గీసిపోయారట. ఆగస్టులో వచ్చే పోళా, అంటే ఎద్దుల పండగలోపు పట్టా చూపకపోతే వరిలోనే టేకు గుంతలు తవ్వుతామన్నారట.

చట్టం ప్రకారం 2005 డిసెంబరు పదమూడుకు ముందునుంచే దున్నుతున్నట్టు రుజువు కావాలి. సాహెబు ఆమెను మర్యాదగానే అడిగారు.

"రుజువేముందమ్మా?"

"నా మొగన్ని ఆ పొలం మూల్నే బొందపెట్టినం సాహెబ్. రాయి నిలబెట్టినం."

"రాయి మీద తేదీ ఉందా?"

"సచ్చినోనికి తేదీ ఎందుకు సాహెబ్?"

"ఇంకేమైనా?"

"అంతకు ముందేడు జంగిల్ గార్డు ఆ పొలంల నా గుడిసె కాల్చిండు. ఊరంత చూసిండ్రు."

"కాల్చినట్టు రసీదు ఇచ్చాడా?"

"ఇయ్యలే."

"అడగాల్సిందమ్మా," అన్నారు సాహెబు, నిజంగానే బాధపడుతూ. కొలత మాత్రం తీయమని నాకు చెప్పారు. రుజువు లేకపోయినా కొలత తీయవచ్చు. కొలత తీశాక అర్జీ కొట్టివేస్తే ఫైలు నిండుగా ఉంటుంది.

జూలై ఎనిమిది, మంగళవారం. ఉన్న ఒక్క యంత్రం, అంటే రెండో నంబరు పట్టుకుని కోసంటోలా పోయాను. వాన వెలిసింది. మోకాళ్ల దాకా బురద. ఆమె ముందు, నేను వెనక. నేను రెండుసార్లు జారి పడ్డాను, యంత్రాన్ని మాత్రం పైకెత్తి పట్టుకున్నాను.

"మంచిగ పట్టుకున్నవు బాబూ," అంది. "నీ పెండ్లాం నిన్ను గింత మంచిగ పట్టుకుంటదా?"

"నడువు ఆజీ, ఇంకా నాలుగు మూలలున్నాయి." (ఆజీ అంటే మా వైపు అవ్వ.)

"ఇది ఎవరితోని మాట్లాడుతది?"

"ఆకాశంలో ఉపగ్రహాలు ఉంటాయి. వాటితో."

"అవి నన్ను జూస్తున్నయా?"

"చూడవు. వాటి వేళ అవి చెప్పుకుంటూ పోతాయి, అంతే."

ఆమె ఆగి, కొంగుతో మొహం తుడుచుకుని పైకి చూసింది. "ముప్పై ఏండ్ల సంది ఈడనే వంగి నాటేస్తున్న. పైనున్నోళ్లల్ల ఒక్కనికన్న కనబడలేదా నా నడుము?"

నేను తల యంత్రం మీదికి దించి, మూడో మూల దగ్గర మీట నొక్కాను.

ఫైలు సాహెబు ముందుకు వెళ్లిన గంటలో పిలుపు వచ్చింది.

"గోమాస్కర్, ఈ కొలత తేదీ ఏమిటి? ఇరవై రెండు నవంబరు 2005?"

"యంత్రం చూపిన తేదీ సార్."

"తప్పు కదూ?"

"ప్రశ్నించరాదు సార్. మీ ఉత్తర్వే."

సాహెబు గోడ మీది తన ఉత్తర్వు వైపు చూశారు. దానికి ఫ్రేము కట్టించింది కూడా ఆయనే.

"మంగళవారమేనా?"

"అప్పుడూ మంగళవారమే సార్, ఇప్పుడూ మంగళవారమే."

"ఇరవై రెండు నవంబరంటే, పదమూడు డిసెంబరుకు ముందు."

"మూడు వారాలు ముందు సార్."

"ఆ రోజు ఈమె ఆ పొలంలో ఉన్నట్టు యంత్రం చెబుతోంది."

"ఆరు మూలల్లోనూ చెబుతోంది సార్."

సాహెబు కలం మూత తీసి, "రుజువు సంపూర్ణం" అని రాసి, పై కమిటీకి పంపారు.

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు (మా ఆవిడకు తప్ప). సోమవారం తెల్లారేసరికి కచేరీ ముందు నలభై మంది. అందరికీ రెండో నంబరే కావాలి. హెలిప్యాడ్ నుంచి ఒకటో నంబరు అదే రోజు క్షేమంగా తిరిగొచ్చింది, దాని మొహం చూసినవాడు లేడు. "మంచి మిషన్ మాకొద్దు సాహెబ్, చెడిపోయిందే ఇయ్యుండ్రి," అని అర్జీలు. (పోలీసు భర్తీకి వయసు దాటిపోయిన ఒకతను, ఊరికే పది నిమిషాలు దాన్ని చేతిలో పట్టుకోనిస్తే చాలని నన్ను బతిమాలాడు.) లెక్క చూస్తే వ్యవధి తక్కువ. జూలై ఇరవై తొమ్మిదిన యంత్రంలో 2005 డిసెంబరు పదమూడు వచ్చేస్తుంది. ఆ తర్వాత అది కూడా ఒకటో నంబరంత పనికిమాలినదే.

ఈ హడావిడిలో ఇస్మాయిల్ ఎగురుకుంటూ వచ్చాడు.

"బాబూ, దొరికింది! నాగపూర్ల మా బావమరిది దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నదట. ఐదు నిమిషాల పని, తేదీ సక్కగైతది!"

వరుసలో ఉన్నవాళ్లు గిరుక్కున తిరిగారు.

"నీ కాళ్లు మొక్కుతం భాయీ, ఎల్లిపో," అన్నాడొక ముసలాయన.

"అరే, బాగుచేస్తనంటే ఎల్లగొడుతరేంది!"

"బాగుచేస్తె సచ్చిపోతం భాయీ. నీకు దండం బెడుతం."

సాయంత్రం లోపు ఉత్తర్వు వెలువడింది. రెండో నంబరు జీపీఎస్‌ను ఎవరూ బాగుచేయరాదు. బాగుచేయు ఉద్దేశంతో కచేరీకి నూరు మీటర్ల లోపుకు రారాదు. (ఆ నూరు మీటర్లు ఒకటో నంబరుతో కొలిచాం.) పెట్టె దగ్గర లాఠీతో ఒక హోంగార్డును పెట్టారు. నా సర్వీసులో దొంగల నుంచి ప్రభుత్వ ఆస్తిని కాపాడటం చూశాను, మెకానిక్కు నుంచి కాపాడటం ఇదే మొదటిసారి.

జూలై ఇరవై ఎనిమిది సాయంత్రానికి అరవై ఒక్క పొలాలు పూర్తయ్యాయి. మర్నాడు వరుస మాయమైంది. హోంగార్డు వెళ్లిపోయాడు. "సదరు యంత్రంలో తేదీ లోపం గమనించడమైనది, తక్షణం బాగుచేయించవలెను" అని నాకు మెమో వచ్చింది. సోంజీబాయి మాత్రం కచేరీకి ఇప్పపూల మూట తెచ్చి నా బల్ల మీద పెట్టి, పట్టా ఎప్పుడొస్తుందని అడిగింది. వస్తుంది ఆజీ, ఇక ఆపేవాడు లేడని చెప్పాను. అప్పుడు నిజంగా అలాగే అనుకున్నాను.

పోళా ఇంకా వారం ఉందనగా పై కమిటీ నుంచి రెండు కవర్లు వచ్చాయి.

మొదటిది నాకు. "2011లో ఉద్యోగంలో చేరిన మీరు 22 నవంబరు 2005న ప్రభుత్వ విధి ఎట్లు నిర్వర్తించితిరి? మూడు రోజుల్లో సంజాయిషీ." ఇంటికి పోయి అన్నం కూడా తినలేదు. తర్వాత కూర్చుని ఒకే వాక్యం రాశాను. "యంత్రం చూపిన అంకెను ప్రశ్నించుటకు నాకు అధికారం లేదు." నాలుగో రోజున జవాబు వచ్చింది. సంజాయిషీ తృప్తికరం. సదరు తేదీన విధిలో ఉన్నట్టు యంత్రమే ధ్రువీకరించింది గనుక నా సర్వీసును అదే తేదీ నుంచి లెక్కించాలని, సీనియారిటీ ప్రకారం నన్ను హెడ్ గుమస్తాగా నియమిస్తున్నామని. సిగ్గుపడ్డాను. అబద్ధం ఎందుకు, సంతోషం కూడా పడ్డాను. మా ఆవిడ పూరణ్‌పోళీ (బొబ్బట్లే) చేసింది, నాలుగు తిన్నాను.

రెండో కవరు సోంజీబాయికి. మిగతా అరవై మందికీ అదే ఉత్తరం, పేర్లే వేరు. నోటీసు చేతికిచ్చి వేలిముద్ర తీసుకోవడం హెడ్ గుమస్తా బాధ్యత కాబట్టి నేనే కోసంటోలా పోయాను. ఆమె పొలంలో కలుపు తీస్తోంది. గట్టు అవతల నలుగురు మనుషులు పారలు పక్కన పెట్టుకుని బీడీలు కాలుస్తున్నారు. మొదటి వరుస గుంతలు అప్పటికే వరి దాకా వచ్చేశాయి. వాటికి ఒకటో నంబరుతో గుర్తులు పెట్టారట, చాలా తిన్నగా ఉన్నాయి.

ఆమె గట్టెక్కి చేతులు కడుక్కుంది. "సదువు బాబూ, మెల్లగ సదువు."

చదివాను. యంత్రం చూపిన తేదీ తిరుగులేనిది. అర్జీదారు కొలత 22 నవంబరు 2005న జరిగింది. అటవీ హక్కుల చట్టం పుట్టింది 2006 చివర. చట్టం పుట్టకముందే దాని కింద పెట్టిన అర్జీ చెల్లదు. అయితే సదరు తేదీన అర్జీదారు ఏ హక్కూ లేకుండా అటవీ భూమిలో ఉన్నట్టు ఆరు మూలల్లోనూ రుజువైనందున, నాటి నుంచి నేటి వరకు ఆక్రమణ కింద కేసు నమోదు చేయడమైనది.

ఆమెకు చివరి ముక్క అందలేదు. మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది.

"అంటే ఆ దినం నేనీ పొలంల ఉన్ననని సర్కారు ఒప్పుకున్నదా?"

"ఒప్పుకుంది ఆజీ. ముద్ర కూడా వేసింది."

"ఇన్నేండ్ల సంది గదే కద మొత్తుకుంటున్న!" మొహమంతా నవ్వు. గట్టవతల వాళ్లకు వినబడేలా అరిచింది. "ఇన్నరా? ఒప్పుకున్నరట!" మళ్లీ నా వైపు తిరిగింది. "నువ్వు గూడ ఆ దినం నాతోనే ఉన్నవు కద బాబూ? బురదల పడ్డవు గూడ."

"ఉన్నాను. నాకు వేరే ఆర్డరు వచ్చింది."

"అయితే ఇద్దరం ఉన్నం."

"ఇద్దరం ఉన్నాం ఆజీ," అని సిరా డబ్బా మూత తీశాను. "నేను డ్యూటీలో ఉన్నాను, నువ్వు ఆక్రమణలో ఉన్నావు. ఇదిగో, ఇక్కడ వేలిముద్ర వెయ్యి."