ధనకుమారి మోకాలికి సరిపడా బంధం

మోకాలిలో తెగిన లిగమెంటు స్థానంలో కొత్తది వేయడానికి రోగి జీవితంలోంచి ఏదో ఒక బంధాన్ని కోసి తీసుకుంటారని గుత్తుల ధనకుమారికి ముందే తెలుసు. ఆ జిల్లాలో తెలియనివాళ్లెవరూ లేరు. పూర్వం తొడ వెనక ఉండే కండర తాడు తీసి మోకాలికి కట్టేవారట. దానివల్ల తొడ బలహీనపడుతోందని ఆ పద్ధతి మానేశారు. బంధాలైతే ఎవరికైనా నాలుగైదు అదనంగానే ఉంటాయి. ఒకటి తగ్గినంత మాత్రాన నడక్కి ఇబ్బంది రాదు.

ధనకుమారి రామచంద్రపురం దగ్గర ఒక హైస్కూల్లో ఆటల టీచరు. ఖోఖోలో ఆమె పిల్లలంటే చుట్టుపక్కల స్కూళ్లకి హడలు. వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం, స్తంభం దగ్గర డైవ్ ఎలా చెయ్యాలో ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పి చెప్పి విసిగిపోయి తనే చేసి చూపించింది. చెయ్యి స్తంభాన్ని అందుకుంది గానీ కుడికాలు బురదలో దిగబడింది. ఒళ్లొకవైపు, మోకాలొకవైపు తిరిగాయి. లోపల ‘టప్’మన్న చప్పుడు వరసలో కూర్చున్న పిల్లలకి కూడా వినిపించింది.

కాకినాడ ఆస్పత్రిలో డాక్టర్ చక్రధర్ స్కాన్ చూసి, పూర్తిగా తెగిందన్నాడు. వెంటనే కోయడం కుదరదనీ, ముందు వాపు తగ్గాలనీ, కాలు తిన్నగా చాపగలగాలనీ, తొడ కండ గట్టిపడాలనీ చెప్పాడు. ఈలోగా దగ్గరివాళ్లని ఒక్కొక్కరినే తీసుకొచ్చి బంధాల పరీక్ష చేయించుకోమన్నాడు.

ఆ పరీక్ష గది ఎక్స్‌రే గది పక్కనే ఉంది. మేరీ సుజాత అనే టెక్నీషియన్ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, మణికట్టుకి పట్టీలు కట్టి, కాసేపు ఏదో ఒకటి మాట్లాడుకోమంటుంది. బల్ల మీదున్న పెట్టెలో ముల్లు కదులుతుంది. ముందు ధనకుమారి భర్త వీరభద్రం కూర్చున్నాడు. ఆయన కరెంటాఫీసులో పని చేస్తాడు. ఇద్దరూ గ్యాసు బండ గురించి మాట్లాడుకున్నారు. ముల్లు సగం దాకా వచ్చి ఆగింది.

“బంధం మంచిదేనండి, కాకపోతే మెత్తబడిపోయింది. పెళ్లయి ఇన్నేళ్లయ్యాక అందరిదీ అంతే. ఇది వేస్తే నడుస్తారు గానీ పరిగెత్తలేరు” అంది సుజాత.

“మెత్తబడ్డం మంచిదేనాండి?” అని అడిగాడు వీరభద్రం.

“ఇంట్లో ఉంచుకోడానికి మంచిదండి.”

మండపేట నుంచి వచ్చిన చెల్లెలి బంధం పొడవు సరిపోయింది గానీ మధ్యమధ్యలో ముడులు కనిపించాయి. ముడి ఉన్నచోట మోకాలు పట్టేస్తుందని దాన్ని పక్కన పెట్టారు. తల్లిది తియ్యడం నిబంధనలకి విరుద్ధం. అది వేసిన కాలు ఎటు బయల్దేరినా పుట్టింటి వైపే తిరుగుతోందని లోగడ తేలింది. హెడ్మాస్టరు కూడా మర్యాదకని వచ్చి కూర్చున్నాడు. ముల్లు కదలకపోయేసరికి సుజాత ప్లగ్గు తీసి మళ్లీ పెట్టింది. పెట్టె బాగానే ఉంది.

హెడ్మాస్టరు లేచి వెళ్తుండగానే గుమ్మంలోకి పితాని అమ్మాజీ వచ్చింది. అమ్మాజీ పక్క ఊరి హైస్కూల్లో ఆటల టీచరు. ధనకుమారికీ ఆమెకీ పదో తరగతి నుంచి వైరం. అప్పట్లో ఇద్దరూ చెరో జట్టు. ఫైనల్లో అమ్మాజీ వెంటపడి ధనకుమారి జడ కుచ్చుని అందుకున్నానంటుంది. తగల్లేదని ధనకుమారి అంటుంది. అంపైరు అటువైపు చూడలేదు. ఆ తర్వాత ఇద్దరూ ఆటల టీచర్లయింది ఒకరి మీద ఒకరు గెలవడానికేనని రెండు ఊళ్లూ అనుకుంటాయి.

“నిజంగానే తెగిందా, సెలక్షన్ల ముందు మమ్మల్ని ఏమార్చడానికా?” అంది అమ్మాజీ గుమ్మంలోనే నిలబడి.

“నీ పిల్లల్ని ఏమార్చడానికి నా కాలు విరగ్గొట్టుకోవాలా? కుర్చీలో కూర్చుని ఈలేస్తే చాలు.”

“కుర్చీలోనే ఉన్నావుగా. లే చూద్దాం.”

ధనకుమారి చేతికి పట్టీ ఇంకా అలాగే ఉంది. అమ్మాజీ చేతికి ఏమీ లేదు. అయినా ముల్లు చివరికంటా వెళ్లి, అక్కడున్న మేకుకి తగిలి వణికింది. సుజాత లేచి డాక్టర్ని పిలుచుకొచ్చింది.

చక్రధర్ ముల్లు కేసి చాలాసేపు చూశాడు. “బంధమంటే ప్రేమే కావాలని ఎక్కడా లేదండి. బిగువు ముఖ్యం. మధ్యలో ఎప్పుడైనా విరామం వచ్చిందా?” అని అడిగాడు.

“లేదండి. ఈవిడ పెళ్లిక్కూడా వెళ్లాను, చీర ఎలా కట్టిందో చూద్దామని” అంది అమ్మాజీ.

“తీశాక మళ్లీ మొలవదు. ఎదురుపడితే పలకరించుకుంటారు, అంతే. ఇద్దరూ ఒప్పుకుంటేనే తీస్తాం.”

అమ్మాజీ బయటికి వెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి వీరభద్రం టీ పట్టుకెళ్లాడు.

“ఆవిడ కర్రేసుకుని గీత అవతల నిలబడుంటే, నా పిల్లలు గెలిచినా గెలిచినట్టుండదండి” అంది అమ్మాజీ.

“ఇది తీసేస్తే మీకసలు గెలవాలనే ఉండదంట కదండీ.”

“అదేనండి ఆలోచిస్తన్నాను.”

టీ చల్లారిపోయింది. చల్లారిన టీనే తాగేసి, లోపలికొచ్చి సంతకం పెట్టింది. ధనకుమారి వైపు మాత్రం చూడలేదు.

ఆపరేషన్‌కి ముందు చేయాల్సిన వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు వివరంగా చెప్పాడు. టవలు చుట్టి మోకాలి కింద పెట్టుకుని నొక్కిపట్టాలి. పడుకుని కాలు తిన్నగా పైకెత్తాలి. మడమ నేలకి ఆనించి మెల్లగా లోపలికి లాక్కోవాలి. వీటితోపాటు ఇద్దరూ రోజూ కలుసుకుని, భోజనానికి ముందు కాసేపు పోట్లాడుకోవాలి. లేకపోతే బంధం సడలి, కోసేటప్పుడు పీచులు లేస్తుంది. ఆట గురించి, బుద్ధి గురించి ఏమైనా అనుకోవచ్చు. పిల్లల జోలికీ పుట్టింటి జోలికీ వెళ్లకూడదు, అక్కడ తెగితే అతకదు.

అమ్మాజీ స్కూలవగానే స్కూటీ మీద వచ్చేది. ధనకుమారి మంచం మీద టవలు నొక్కుతూ ఉండేది. మొదటి వారం వ్యాయామం బ్రహ్మాండంగా సాగింది. పక్కింటివాళ్లు కుర్చీలు కూడా వేసుకున్నారు. తర్వాత చిన్న చిన్న తేడాలొచ్చాయి. “ఖో ఇవ్వడం రాని పిల్లల్ని తయారుచేస్తావు నువ్వు” అంటూనే అమ్మాజీ ఆమె మడమ కింద దిండు సర్దేది. “నీ పిల్లలకి పరుగొక్కటే వచ్చు, బుర్ర లేదు” అంటూనే ధనకుమారి ఆ పిల్లల్లో ఒకమ్మాయి పాదం లోపలికి పడుతోందనీ, ఇప్పుడే సరిచేయకపోతే మోకాలికి ప్రమాదమనీ చెప్పేది. ఒకరోజు ఇద్దరికీ తెలిసిన ఒక అంపైరు, ఈల మింగేశాననుకుని సగం మ్యాచి నోరు తెరవకుండా నడిపిన సంగతి గుర్తొచ్చింది. ఇద్దరూ కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వారు. నవ్వడం అయ్యాక భయపడ్డారు.

మర్నాటి పరీక్షలో ముల్లు సగానికి పడిపోయింది.

“ఇంట్లో ఏం చేశారండీ? నవ్వారా?” అంది సుజాత.

ఇద్దరూ తల వంచుకున్నారు.

“కలిసి తిన్నారా?”

“పెసరట్లండి” అన్నాడు వీరభద్రం.

“ఉప్మాతోనా?”

“అవునండి.”

సుజాత నిట్టూర్చింది. డాక్టర్ వచ్చి కోప్పడ్డాడు. స్నేహం పడితే బంధం రబ్బరులా సాగుతుందనీ, అలాంటి లిగమెంటుతో మెట్లు దిగడం కూడా కష్టమనీ అన్నాడు. ఆస్పత్రిలో చేరే రోజుకి మునుపటి బిగువు రాకపోతే, భర్త బంధమే తియ్యాల్సి ఉంటుందని చెప్పాడు. వీరభద్రం రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

ఆస్పత్రిలో చేరే ముందురోజు సాయంత్రం అమ్మాజీ వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఇద్దరికీ ఏం తిట్టుకోవాలో తోచలేదు. వంటింట్లో వీరభద్రం గిన్నెల చప్పుడు కూడా చెయ్యకుండా నిలబడ్డాడు.

“అమ్మాజీ, ఆ రోజు జడ సంగతి నిజం చెప్పేయనా?” అంది ధనకుమారి.

అమ్మాజీ కుర్చీలోంచి లేచిపోయింది. “చెప్పావంటే నీ కాలు పోద్ది. తగిలిందన్నావో, నాకు నీతో పనే లేదు. తగల్లేదని ఒట్టేశావో, నేనిన్నేళ్లూ అబద్ధం పట్టుకుని బతికినట్టు. నోర్మూసుకో.”

“నా నోరు, నా ఇష్టం.”

“నీ ఇష్టం గనకే ఆ రోజు అంపైరు వెనక్కి పోయి నక్కావు.”

“నక్కానా? కాలు జారి పడింది నువ్వు. పడ్డదానివి గాలిని తాకి జడ అంటావా?”

“గాలికి కుచ్చులుంటాయటే?”

కనీసం గంటసేపు అలా సాగింది. మధ్యలో ఇద్దరికీ ఏడుపు కూడా వచ్చింది గానీ, దాన్ని అడ్డుపెట్టుకుని ఎవరూ మెత్తబడలేదు. వెళ్లేటప్పుడు అమ్మాజీ స్కూటీ స్టార్ట్ చేసి, మళ్లీ ఆపి, చాలాసేపు గేటు దగ్గరే ఉండిపోయింది. మర్నాడు ఆస్పత్రిలో ముల్లు మేకుని తాకింది.

ఆపరేషన్ రోజు ఉదయం ఇద్దరూ ఏమీ తినలేదు. గాజులు, ముక్కుపుడకలు తీసి ఇంటివాళ్లకి ఇచ్చేశారు. నర్సు ధనకుమారి కుడికాలి మీద పెన్నుతో బాణం గుర్తు వేసింది, అమ్మాజీ భుజం మీద ఇంకొకటి వేసింది. రెండు మంచాల మధ్య ఆకుపచ్చ తెర లాగారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చేముందు తెర అవతలి నుంచి అమ్మాజీ గొంతు వినిపించింది.

“ఏమే, భయంగా ఉందా?”

“ఉన్నా నీకెందుకు చెప్తాను?”

“చెప్పకు. నేనూ చెప్పను.”

ఆ బంధాన్ని తీశాక చక్రధర్ లైటు కింద ఎత్తి పట్టుకుని, పక్కనున్నవాళ్లందరికీ చూపించాడట. తెల్లగా, కొత్తగా పేనిన తాడులా మెరిసిందట. దాన్ని రెండు మడతలు వేసి, ఎముకలో సొరంగం తొలిచి, రెండు చివర్లా మరలతో బిగించారు. కొలతకి సరిగ్గా సరిపోయింది.

మెలకువ వచ్చాక ధనకుమారి పక్కకి తిరిగింది. పక్క మంచం మీద పొడుగ్గా, చామనఛాయలో ఉన్న ఒకావిడ తన వైపే చూస్తోంది. పేరు తెలుసు, ఊరు తెలుసు.

“నొప్పిగా ఉందాండి?” అంది అమ్మాజీ.

“పర్లేదండి. మీకు?”

“నాకేం లేదండి. కొంచెం ఖాళీగా ఉంది, ఆకలనుకుంటాను.”

నర్సు అది విని, ఇద్దరూ బాగా కోలుకుంటున్నారని డాక్టర్‌కి చెప్పింది. అమ్మాజీ ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లింది. వెళ్తూ వీరభద్రానికి నమస్కారం పెట్టింది. జడ సంగతి అడగాలని ఆమెకీ, చెప్పాలని ధనకుమారికీ తోచలేదు. వీరభద్రం మాత్రం ఆమెను గేటు దాకా దిగబెట్టి వచ్చి, ఎవరో పోయినట్టుగా కాసేపు వరండాలో కూర్చున్నాడు.

మోకాలు అద్భుతంగా కుదిరింది. ధనకుమారి చంకకర్రలు వదిలింది, మెట్లెక్కింది, మరుసటి ఏడాదికి పరిగెత్తింది. జిల్లా పోటీల్లో రెండు స్కూళ్లూ మళ్లీ ఫైనల్‌కి వచ్చాయి. ఇద్దరు టీచర్లూ షామియానా కింద పక్కపక్క కుర్చీల్లో కూర్చుని మజ్జిగ తాగారు. కాలెలా ఉందని ఒకరడిగితే, బాగుందని ఇంకొకరన్నారు. ఎండ గురించి కూడా మాట్లాడుకున్నారు. మ్యాచి ఎప్పుడయిందో ఇద్దరూ గమనించలేదు. గెలిచిన పిల్లలు రొప్పుకుంటూ వచ్చి “చూశారా మేడం?” అని అడిగారు. “బాగా ఆడారమ్మా, నీళ్లు తాగండి” అంది ధనకుమారి. ఆ పిల్లలు అమ్మాజీ స్కూలువాళ్లు.

బహుమతుల సభలో విద్యాశాఖ అధికారి ఇద్దరినీ వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పాడు. క్రీడాస్ఫూర్తి అంటే ఇదీ అన్నాడు. ఈ సామరస్యం ఇద్దరికే పరిమితం కాకూడదనీ, వేసవి సెలవుల్లో ఆటల టీచర్లందరికీ, మోకాళ్లు బాగున్నవాళ్లతో సహా, ముందుజాగ్రత్తగా ఈ బంధం తీయించే ఆలోచన ఉందనీ ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. లెక్కల టీచర్లు తమనీ చేర్చమని వినతిపత్రం ఇచ్చారు.

సభ అయ్యేసరికి షామియానా వెనక రెండు జట్ల కెప్టెన్లు టాస్ గురించి గొడవపడుతున్నారు. నాణెం నేల మీద పడి ఆగకముందే తొక్కావని ఒకమ్మాయి, ఆగాకే తొక్కానని ఇంకో అమ్మాయి. మాటా మాటా పెరిగి, ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. వచ్చే ఏడాది నీ సంగతి చూస్తానంటే నీ సంగతి చూస్తానని అరుచుకుంటున్నారు. వాళ్లని విడదీయడానికి అమ్మాజీ కుర్చీలోంచి లేచింది.

ధనకుమారి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఉండనివ్వండి మేడం. ఎదిగే పిల్లలు. రేపు మోకాళ్లకి కావాలి కదా.”

“అదీ నిజమేలెండి” అంది అమ్మాజీ. మళ్లీ కూర్చుంది.