పేషెంట్ హిస్టరీలో ఎం.ఏ.

చరిత్ర చదివితే ఉద్యోగాలు రావని ఎవరైనా అంటే నమ్మకండి. నాకు పదేళ్లలో ఆరొచ్చాయి! ఇంజనీరింగ్ చదివిన మా బావమరిదిని చూడండి, పాపం, ఒక్కదానితోనే సరిపెట్టుకుంటున్నాడు.

ఆరోది ఆస్పత్రిలో. ఇంటర్వ్యూలో మేనేజరుగారు నా సర్టిఫికెట్ చూసి సంబరపడిపోయారు. "హిస్టరీనా? మాకు కావలసింది అదేనండీ. ఇక్కడ పేషెంట్ల హిస్టరీ చూసే దిక్కు లేదు" అన్నారు. నేను చదివింది రాజుల గురించని చెప్పబోయాను. అంతలో మా ఆవిడ మొహం గుర్తొచ్చింది. సామ్రాజ్యాలు ఎందుకు కూలతాయో వంద పేజీలు రాసినవాడికి నోరెప్పుడు మూసుకోవాలో తెలియదా?

నాకిచ్చిన సామ్రాజ్యం లిఫ్టు వెనక గది. నేల నుంచి పైకప్పు దాకా పాత ఫైళ్లు, ఒక ట్యూబ్‌లైటు, ఒక దగ్గు. దగ్గు నాదే. కంప్యూటర్లు వచ్చాక ఆ ఫైళ్లన్నీ పారేయమని మూడుసార్లు ఆర్డరొచ్చింది. చరిత్ర విద్యార్థిని కదా, ఆ మూడు ఆర్డర్లను కూడా ఫైలు చేసి భద్రపరిచాను!

ఒకరోజు పొద్దున్నే ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, మాట లేదు. కంప్యూటర్లో ఆవిడ పేరే లేదు. ఏ మందైనా పడకపోవడం ఉందా అని డాక్టరుగారు అడిగితే, అమ్మ ఎన్నడూ ఆస్పత్రి గడప తొక్కలేదన్నాడు కొడుకు. ఆ ఊపులోనే, తను పుట్టింది మాత్రం ఇక్కడేనని గర్వంగా చెప్పాడు.

వేరే ఫైలు ఇవ్వడానికి వెళ్లి అక్కడే నిలబడి ఉన్నాను. ఈయన ఇక్కడ పుడుతున్నప్పుడు తల్లి ఎక్కడున్నట్టు? చూశారా, ఈ ఒక్క ప్రశ్న పుట్టడానికి నాకు ఐదేళ్ల యూనివర్సిటీ చదువు పట్టింది.

ఆయన పుట్టిన సంవత్సరం అడిగి కిందికి పరుగెత్తాను. ముప్పై రెండేళ్ల కిందటి కాన్పుల కట్ట అడుగున దొరికింది ఆవిడ ఫైలు. మొదటి పేజీలోనే ఎవరో నర్సమ్మ ఎర్ర సిరాతో రాసిపెట్టింది. పెన్సిలిన్ ఇచ్చాక ఊపిరాడలేదనీ, మళ్లీ ఎప్పుడూ ఇవ్వొద్దనీ.

లిఫ్టు రాలేదు. మూడంతస్తులు మెట్లెక్కేసరికి నా పరిస్థితి చూసి, నేనే పేషెంటుననుకుని వార్డు నర్సు కుర్చీ లాగింది. ఆమె రెండో చేతిలో సిరంజి ఉంది. ఫైలు తెరిచి ఆ కాగితం డాక్టరుగారి మొహం ముందు పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "ఆ ఇంజెక్షన్ పక్కన పెట్టండమ్మా" అన్నారు మెల్లగా. మందు మార్చారు.

నాలుగో రోజు పెద్దావిడ లేచి కూర్చుని, నన్ను పిలిపించి, "ఆ కాగితం ఒకసారి చూడనిస్తావా నాయనా?" అంది. ఇచ్చాను. కొడుకు పుట్టినప్పటి బరువు వేలు పెట్టి చదువుకుని, చాలాసేపు నవ్వుకుంది. నేను రాసిన వంద పేజీలు చదివి ఎవరూ అలా నవ్వలేదు. నవ్వారు గానీ, అలా కాదు.

నెల తిరక్కుండా ఆస్పత్రి పత్రికలో మొదటి పేజీలో వార్త వచ్చింది. 'మా అత్యాధునిక కంప్యూటర్ వ్యవస్థ కాపాడిన నిండు ప్రాణం!' పక్కన మేనేజరుగారి ఫొటో, కంప్యూటర్ మీద చెయ్యి వేసి.

మీరు నన్ను జాలిగా చూడక్కర్లేదు. చరిత్ర ఎలా రాస్తారో పుస్తకాల్లో చదివినవాళ్లలో, అది రాస్తుండగా దగ్గరుండి చూసే భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది? ఆ పత్రికను తేదీ వేసి జాగ్రత్తగా ఫైల్లో పెట్టాను. వెనకవైపు, రాబోయే చరిత్రకారుల సౌకర్యార్థం, అసలు జరిగింది పెన్సిలుతో రాశాను.

సంతకం మాత్రం పెట్టలేదు. ఏడో ఉద్యోగం ఇంకా దొరకలేదు మరి.