తోక లేని బహువచనాలు

ఒక పెద్ద అడవిలో సింహంగారికి ఇంగ్లీషు మోజు పుట్టింది. పక్క అడవి పులి ‘గుడ్ మార్నింగ్’ అని గాండ్రించిందని విన్నప్పటి నుంచీ ఆయనకు నిద్ర లేదు. ఇక ఆఫీసు పనంతా ఇంగ్లీషులోనే అని హుకుం జారీ చేసి, నక్కను కార్యదర్శిగా వేశారు.

నక్కకు వచ్చిన ఇంగ్లీషు ఒకటే ముక్క. ఎక్కువమంది ఉంటే మాట చివర ‘స్’ అనే తోక పెట్టాలి.

ఆ వేసవిలో గడ్డి ఎండిపోయింది. జంతువులు పన్నుగా కట్టిన గడ్డి రాజుగారి కొట్టులో ఉంది. అందులోంచి తలా ఓ మోపు పంచుతున్నారని తెలిసి, గొర్రెల పెద్ద తెల్లమ్మ మందతో వచ్చింది.

“పేరు?” అంది నక్క.

“షీప్ అండి.”

“వెనకవాళ్ళు?”

“వాళ్ళూ షీపేనయ్యా.”

“మరి తోకేదీ?”

తెల్లమ్మ వెనక్కి తిరిగి చూపించింది.

“ఛీ, ఆ తోక కాదే! మాట తోక! క్యాట్, క్యాట్స్. డాగ్, డాగ్స్. ‘స్’ లేదంటే మీరంతా కలిసి ఒక్కటే. ఒక్క మోపు తీసుకుని నడు!”

“మందకి ఒక్క మోపు ఏ మూలకయ్యా? పాలిచ్చే తల్లులున్నారు.”

“అయితే అడవంతా మిమ్మల్ని షీప్స్ అనేట్టు చూసుకో. అప్పుడు రా.”

బయట అదే గతి పట్టినవాళ్ళు ఇంకా ఉన్నారు. మైస్ అనిపించుకునే ఎలుకలు, గీస్ అనిపించుకునే పెద్దబాతులు, ఆక్సెన్ అనిపించుకునే ఎడ్లు. మౌస్, గూస్‌లకు ఒక్కటున్నప్పుడే ‘స్’ ఉంది, అది తోక లెక్కలోకి రాదంది నక్క. అందరూ తోక అతికించుకోడానికి తంటాలు పడ్డారు. పిల్లి ‘మౌసెస్’ అని నోరు తిప్పుకునేలోపు ఎలుకలు కలుగులో దూరిపోయేవి. “ఈ వ్యాకరణంతో పస్తులే! మైస్ అంటేనే నాకు కూడు” అని అది పాత మాటకే వచ్చేసింది. పెద్దబాతు ‘గూసెస్’ అంటే దాని పిల్లలే పడీపడీ నవ్వాయి.

తెల్లమ్మ ముసలి మైలెద్దు దగ్గర కూలబడింది. “తాతా, ఎంత చెప్పినా ఎవరూ అనరేం?”

మైలెద్దు తాపీగా నెమరేసింది. “రోజూ నోట్లో నానే మాట అంత సులువుగా వంగదే. తల్లి నోట విన్నట్టే పిల్లా అంటుంది. ఎప్పుడో ఓసారి వాడే మాటకైతే పాత రూపం ఎవరికి గుర్తుంటుంది? తోక తగిలిస్తే కిక్కురుమనదు. ఖడ్గమృగాన్ని చూడు, ఏడాదికోసారి కనబడతాడు, రైనోస్ అంటే సరేనని పోయాడు.”

“మరి నా మంద?”

“ఉండు, నక్కనో మాట అడిగొస్తా.”

మైలెద్దు వెళ్ళి, “కార్యదర్శిగారూ, తెలుగులో మాత్రం ఎద్దు ఎడ్లెందుకయిందండీ?” అంది.

నక్కకు రోషం వచ్చింది. “అదీ దిద్దేస్తా! నేటి నుంచి తెలుగులోనూ అన్నిటికీ చివర ‘లు’. ఎద్దు ఎద్దులు, ఇల్లు ఇల్లులు, పన్ను పన్నులు. పళ్ళు అన్నవాడికి గడ్డి లేదు!”

అంతలో రాజుగారు ఎముక కొరికి, నోరు పట్టుకుని కూలబడ్డారు. వడ్రంగిపిట్ట వైద్యుడు తొంగిచూసి, అన్నీ కదులుతున్నాయి, తీసేయాల్సిందే అన్నాడు. నక్క గుట్టెక్కి, తన నియమం తప్పకుండా చాటింది.

“రాజుగారి పన్నులు తీసేస్తున్నాం!”

అడవి ఒక్క క్షణం నోరెళ్ళబెట్టింది. తర్వాత చిందులేసింది! ఏనుగు తొండమెత్తి గిర్రున తిరిగింది. పన్ను కట్టడానికి తేనె తెస్తున్న ఎలుగు దారిలోనే తాగేసింది. గడ్డి కొట్టు కాపలాకాసే తోడేలు, “పన్నే లేనప్పుడు కాపలా దేనికి?” అని తలుపు బార్లా తీసి ఆటకు పోయాడు. తెల్లమ్మ మంద లోపలికి దూరి, దొరికినంత మేసింది.

“పన్నులు కాదురా, నా పళ్ళు! పళ్ళు!” అని సింహంగారు బావురుమన్నారు. పాపం, కోతి పరుగున వెళ్ళి మామిడిపళ్ళు తెచ్చింది.

“ప్రభూ, నియమం ప్రకారం పన్నులనే అనాలి…” అంటూ నక్క దగ్గరికొచ్చింది. రాజుగారు కార్యదర్శి పదవినీ, ‘స్’నీ, ‘లు’నీ ఒక్క తన్నుతో అవతల పారేశారు.

మర్నాడు ఆయన పన్నులు మళ్ళీ కట్టమన్నారు. తీసేసినవి మళ్ళీ ఎలా వస్తాయండీ అని అడవి అడిగింది. గద్దిద్దామంటే నోట్లో పళ్ళు లేవు.

గడ్డి కొట్టులోంచి తేన్పుతూ వచ్చిన తెల్లమ్మ మందను పక్షులు ఎవరర్రా మీరంతా అని అడిగాయి.

“షీపే!” అంది మంద మొత్తం.

నీతి: పళ్ళూడేదాకా ఏ రాజుకూ బహువచనం విలువ తెలియదు.