నాకతమాల్‌కు తొంభై అయిదు మార్కులు

టీచరమ్మ నోహెమీ పాగోవాగా మీద నాకు పీకలదాకా కోపం ఉంది. అయినా ఈ వారం ఆమెను పొగడడానికే కూర్చున్నాను. ఆన్‌లైన్ నర్సింగ్ కోర్సులో పిల్లలకు ఫీడ్‌బ్యాక్ ఎలా ఇవ్వాలో ఆమెను చూసి లోకం నేర్చుకోవాలి!

నేను మూడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. మా పంతులు దొన్ అల్సిబియాదెస్ నా పలక చూసి, "ఒరే గాడిదా, ఇక్కడ ఒకటి మిగిలింది, కలపడం మర్చిపోయావు" అనేవాడు. ఎంత అనాగరికం! తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే పిల్లవాడి మనసు విరిగిపోదూ?

నోహెమీ గారు అలా కాదు. మా అమ్మాయి ఇరైదా వీడియో పంపిన అరక్షణంలో జవాబు: "అద్భుతం! ఇలాగే కొనసాగించు!" పక్కన చప్పట్లు. బీపీ చూసిన వీడియోకీ అదే. ఇంజెక్షన్ పొడిచాక నా చెయ్యి గుమ్మడికాయలా వాచిన వీడియోకైతే రెండు జతల చప్పట్లు!

అసలు గొప్పతనం కట్టు కట్టే పాఠంలో బయటపడింది. నా కాలికి కట్టు కట్టిన వీడియో బదులు, వాళ్ళమ్మ క్రిస్మస్‌కి నాకతమాల్ చుట్టిన వీడియో పొరపాటున పంపేసింది పిల్ల. మొక్కజొన్న ముద్ద, పంది మాంసం, అరిటాకు, పైన బిగించిన దారం, ఇక ఉడకబెట్టడమే తరువాయి. టీచరమ్మ ఏమందో తెలుసా? "కట్టు చక్కగా బిగిసింది! రోగి సహకారం ప్రశంసనీయం!" నూటికి తొంభై అయిదు!

"అమ్మా, ఆ అయిదు ఎందుకు పోయాయంటావ్?" అంది ఇరైదా.

"ఉప్పు తక్కువైందేమోనే" అంది మా ఆవిడ.

పగలబడి నవ్వుకున్నాం. కానీ పిల్లకి తన కట్టు తప్పో ఒప్పో చెప్పేవాళ్ళేరీ? మార్కులొచ్చిన పద్ధతే పట్టుకుంది. ఊరి ఆసుపత్రిలో ప్రాక్టికల్ పరీక్షనాడు ముసలి దొన్ తిబూర్సియో కాలిని అచ్చం వాళ్ళమ్మలాగే చుట్టి బిగించింది.

"ఏం పిల్లా, ఉడకబెడతావా నన్ను?" అని ఆయన పెట్టిన కేక వరండాలో ఉన్న నాకూ వినిపించింది. కాలివేళ్ళు నీలం తిరిగాయట.

హెడ్ నర్సు పరుగున వచ్చింది. "విప్పవే తల్లీ! వేళ్ళ దగ్గర మొదలెట్టి పైకి రా. కట్టు కింద నీ వేలు దూరాలి. ఆయన వేళ్ళ రంగు చూస్తూ ఉండు."

అంతే! ఏడాదిన్నర కోర్సులో దాని తప్పు దానికి చూపించిన మొదటి మనిషి. మళ్ళీ కట్టింది, కుదిరింది. కానీ పరీక్ష అప్పటికే పోయింది. కోర్సు మొదటి నుంచీ చదవాలట, ఫీజు కూడా మొదటి నుంచే.

ఇదంతా రాసి నోహెమీ గారికి పంపాను. మీ చప్పట్లు కొనడానికి నేల అమ్ముకున్నానమ్మా అని కూడా రాశాను. అరక్షణంలో జవాబు: "అద్భుతం! వివరాలు ఇంకొంచెం జోడిస్తే బాగుంటుంది!"

జోడిస్తున్నాను టీచరమ్మా. మర్కాలా కొండవాలున, వాగు పక్కన, కాపు మీదున్న కాఫీ తోట, రెండున్నర ఎకరాల పైచిలుకు, మా కొలతలో ఒకటిన్నర మన్సానాలు.