ఏడో మలుపు దగ్గర పొయ్యి

కార్తీకం వెళ్ళిన మూడో రోజు పొద్దున్న, పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, మాట మధ్యలో ఉండగా నూకాలు గడ్డకట్టింది. మబ్బువలసలో ఇదేమీ వింత కాదు. కొండ మీద ఊరు. చలి ముదిరిందంటే ఎక్కడివాళ్ళు అక్కడే గడ్డకడతారు. పొయ్యి వెలిగిస్తే గంటలో కరిగి, ఆపిన చోటి నుంచే మాట అందుకుంటారు. ప్రాణానికి ఢోకా లేదు. ఆకలి వెయ్యదు, వయసు పెరగదు. అందుకే ఆ ఊళ్ళో వయసు అడిగితే గడ్డకట్టిన నెలలు తీసేసి చెబుతారు, రేషను కార్డులో కూడా అలాగే రాస్తారు.

చిక్కంతా పొయ్యితోనే. ప్రతి ఇంటి నడిమి గదిలోనూ సర్కారు ఇచ్చిన ఇనప పొయ్యి ఒకటి ఉంటుంది. పొగ పోవడానికి కప్పు మీదకి గొట్టం, పక్కన పేర్చిన సరుగుడు కట్టెలు, తలుపుకు దారంతో బిగించిన సీసపు సీలు. చలి నిర్ధారణ కార్యాలయం 'చలి వచ్చినది' అని ఉత్తర్వు వేశాకే ఆ సీలు తెంపాలి.

ఈ పద్ధతి ఊరివాళ్ళు కోరి తెచ్చుకున్నదే. పూర్వం ఎవరికి చలేస్తే వాళ్ళు వెలిగించుకునేవారు. దాంతో కొంపల్లో రోజూ రభస. పెళ్ళాం వెలిగిద్దామంటే మొగుడు ఇంకో వారం ఆగమనేవాడు. తీరా వెలిగిస్తే, ఎవరింటి గొట్టంలోంచి ముందు పొగ వచ్చిందా అని వీధంతా మెడలు సాచి చూసేది. 'అప్పుడే చలేసేసిందా మీకు?' అని మూడేళ్ళు గుర్తుపెట్టుకుని మరీ అడిగేవారు. ఆ మాట పడలేక, పొయ్యి ఎప్పుడు వెలిగించాలో తమరే చెప్పండి బాబూ అని నలుగురూ వెళ్ళి సర్కారుకు అర్జీ పెట్టుకున్నారు. సర్కారు దయతలచి ఆ బరువు తన నెత్తినేసుకుంది. అప్పటినుంచి ఉత్తర్వు ఏటా శివరాత్రికి వస్తోంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, సరిగ్గా దాని వెనకే ఇది వస్తుంది. ఎండకు అప్పటికే కరిగిన జనం, వచ్చిన ఉత్తర్వును కాదనడం మర్యాద కాదని పొయ్యిలు వెలిగించుకుని, ఎదురుగా కూర్చుని చెమటలు తుడుచుకుంటారు.

వంట గ్యాసు ఉంది కదా అని తెలివైనవాళ్ళు అడగొచ్చు. ఆ తెలివి ఇదివరకే ఒకాయనకు వచ్చింది. గడ్డకట్టిన తండ్రిని వంటింట్లోకి లాక్కెళ్ళి గ్యాసు సెగ పెడితే మూతి ఒక్కటే కరిగింది. ఆ పెద్దమనిషి కాలూ చెయ్యీ కదపలేక, నోరు మాత్రం ఆపకుండా, మూడు నెలలపాటు కొడుకుని తిట్టాడు. ఆ తర్వాత పాక్షికంగా కరిగించడాన్ని నిషేధించారు.

నూకాలు మొగుడు జోగారావు ఆ కార్యాలయంలోనే జీపు డ్రైవరు. ఇంజను వేడి పుణ్యమా అని అతను గడ్డకట్టడు. పెళ్ళయి ఇరవయ్యారేళ్ళు. ఇన్నేళ్ళలో పెళ్ళాం గడ్డకట్టడం అతనికి అలవాటైపోయింది. మీద దుప్పటి కప్పుతాడు, వారానికోసారి దుమ్ము దులుపుతాడు, డ్యూటీకి వెళ్ళేటప్పుడు చెప్పి మరీ వెళతాడు. ఈ ఏడు మాత్రం అతనికి అన్నం సయించడం లేదు. దానికి కారణం ఆమె ఆపేసిన మాట.

"ఇదుగో మావా," అంది నూకాలు, చేతిలో చిక్కుడుకాయ అతని వైపు చూపిస్తూ. "ఈయేడు గానీ మాగమాసం వొచ్చీదాకా నువ్వు పొయ్యి ఎలిగించకండా కూకున్నావంటే, నాను మాత్రం..."

అక్కడ గడ్డకట్టింది.

తనేం చేస్తానంటోందో జోగారావుకు అంతుపట్టలేదు. పుట్టింటికి పోతానంటుందా? ఇరవయ్యారేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదు, అందుకే ఇప్పుడు అనొచ్చు. వంట మానేస్తానంటుందా? నీతో మాటాడనంటుందా? జీపు తోలుతూ కూడా అదే ఆలోచన. ఆవిడ లేని ఇంట్లో తను ఎలా ఉంటాడో ఊహించుకుంటూ మలుపుల్లో హారను కొట్టడం మరిచిపోయేవాడు. గడ్డకట్టి ఉన్నా పర్వాలేదు, ఉంటే చాలు అనుకునేవాడు.

నాలుగో రోజు కార్యాలయం గణకుడు మోటారుసైకిలు మీద వచ్చాడు. ఇంజను వేడి అతనికీ ఉంది. ప్రతి ఇంటికీ వెళ్ళి, ఎవరు ఏ భంగిమలో ఉన్నారో, ఏ మాట దగ్గర ఆగారో అసంపూర్తి వాక్యాల రిజిస్టరులో ఎక్కించడం అతని పని.

"నాను మాత్రం... తరవాత?" అన్నాడు కలం ఎత్తిపట్టుకుని.

"తరవాత లేదండి. అక్కడికే ఆగిపోనాది."

"పెదాలు?"

"మూసుకున్నాయండి."

"చూపు?"

"నా మీదేనండి," అన్నాడు జోగారావు.

గణకుడు 'చూపు: భర్త మీద' అని రాసుకుని, వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. అనుభవజ్ఞుడు కావడాన ఒక దారి కూడా చెప్పాడు. వాక్యంలో షరతు ఉంది. మాఘం లోపల పొయ్యి వెలిగితే షరతు తప్పినట్టే. అప్పుడు మిగతా సగం ఆవిడ పలికినా చెల్లదు. అలా కాక శివరాత్రి ఎండకు తనంతట తనే కరిగిందా, ఆ సగం అక్షరాలా అమల్లోకి వస్తుంది.

"అంటే ఉత్తర్వు మాగానికి ముందే రావాలన్నమాట," అన్నాడు జోగారావు.

"రావాలి. ఎప్పుడూ రాలేదు," అన్నాడు గణకుడు.

ఎందుకు రాదో జోగారావుకు తెలియంది కాదు. సంతకం పెట్టాల్సిన అధికారి పరాంకుశం గారు ఏటా ఊరికంటే ఒకరోజు వెనకగా, కలం మూత తీసి, ఫైలు మీద చెయ్యి పెట్టిన భంగిమలో గడ్డకడతారు. కార్యాలయంలోనూ పొయ్యి ఉంది. దానికీ సీలుంది. మనిషి మాత్రం నిప్పులాంటి నిజాయితీపరుడు. పూర్వం ఒక అధికారి ఊరు చూడకుండానే సంతకం పెట్టి మే నెలలో చలి తెప్పించాడట. అలాంటి అపచారం జరగకూడదని, చలిని స్వయంగా ఒంటితో అనుభవిస్తే తప్ప పరాంకుశం గారు సంతకం పెట్టరు.

అందుకని ఏటా జరిగే పనే ఈసారీ జరిగింది. జోగారావూ, కింద నుంచి వచ్చిన ఇద్దరు అటెండర్లూ కలిసి అధికారిని రగ్గులో చుట్టి జీపులోకి ఎక్కించారు. ఘాట్ రోడ్డు పంతొమ్మిది మలుపులూ దిగి కింద పట్నం చేరేసరికి ఆయన కరిగి, కాలరు సడలించుకుని, మజ్జిగ అడిగారు.

"సారూ, ఫైలండి," అన్నాడు జోగారావు.

"చలి ఎక్కడుంది జోగారావూ?" అన్నారు పరాంకుశం గారు. "నా నుదుటి మీద చెమట చూడు. ఈ చెమటతో చలి ఉందని సంతకం పెడితే అది ఆత్మవంచన కాదా?"

"పైన ఉన్నాదండి బాబూ. ఊరూరంతా గడ్డకట్టీసింది."

"అయితే పైకి పోదాం పద. పైన అనుభవించి, పైనే పెడతాను."

పైకి తీసుకువెళితే, ఇంజను వేడి అందని వెనక సీట్లో, పన్నెండో మలుపు దగ్గర ఆయన "అబ్బ, చలే, చలే! ఫైలు ఇలా ఇయ్యి!" అన్నారు. ఫైలు ఇచ్చి, కలం అందించేలోగా గడ్డకట్టారు. మళ్ళీ కిందికి. మళ్ళీ మజ్జిగ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చేతులు ఆడే చోట చలి ఉండదు, చలి ఉన్న చోట చేతులు ఆడవు. ఇందులో ఎవరి తప్పూ లేదని ఊళ్ళోని కార్యాలయమూ, పట్నంలోని పై కార్యాలయమూ రాతపూర్వకంగా ఒప్పుకున్నాయి.

మామూలుగా నాలుగుసార్లు తిప్పి శివరాత్రి దాకా వదిలేస్తారు; ఆనాటి ఎండకు కుర్చీలోనే కరిగి, ఒంట్లో ఇంకా మిగిలిన చలి లెక్కన ఆయన సంతకం పెడతారు. జోగారావు ఈసారి వదల్లేదు. పుష్యం సగానికి వచ్చింది. ఇంట్లో దుప్పటి తీసి చూస్తే నూకాలు చూపు ఇంకా సూటిగా తన మీదే ఉంది. మనిషి పైన గడ్డకడుతున్నాడు, కింద కరుగుతున్నాడు అంటే మధ్యలో ఎక్కడో రెండూ కాని చోటు ఉండాలి కదా అని అతనికి తోచింది. ఇన్నేళ్ళుగా ఎవరికీ తోచకపోవడానికి కారణం, అలా ఆలోచించే పని ఎవరి డ్యూటీ చార్టులోనూ లేకపోవడమే.

మర్నాడు కింద నుంచి బయల్దేరి ఒక్కో మలుపు దగ్గరా జీపు ఆపాడు. ఆరో మలుపు దగ్గర పరాంకుశం గారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "కాస్త చల్లగా ఉందనొచ్చు, చలి అనలేం," అన్నారు. ఎనిమిదో మలుపు దగ్గర "చలి! చలి!" అన్నారు గానీ వేళ్ళు వంగలేదు. జోగారావు జీపును మెల్లిగా వెనక్కి దొర్లించి ఏడో మలుపు దగ్గర, రాయి అడ్డం పెట్టి, ఆపాడు. పరాంకుశం గారి పళ్ళు టకటకలాడాయి. చెయ్యి కదిలింది. ఇంటిపేరుతో సహా పూర్తి సంతకం పెట్టి, ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఆయన సర్వీసులో చలిని చలిలోనే ధ్రువీకరించడం అదే మొదలు.

ఫైలు చూసి పై కార్యాలయం మూడు రోజుల్లోనే జవాబిచ్చింది. చలి ఏడో మలుపు దగ్గర అనుభవించినట్టు రాసి ఉంది కాబట్టి, ఏడో మలుపు దగ్గర పొయ్యి వెలిగించుకోవచ్చు.

ఏడో మలుపు దగ్గర ఇల్లు లేదు. ఒక పనస చెట్టు, ఒక కిలోమీటరు రాయి, అవతల లోయ. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా ఇచ్చాడు, గుడే లేదు. అయినా ఉత్తర్వు ఉత్తర్వే. రోడ్డు పక్కన ఇనప పొయ్యి ఒకటి దింపి, కప్పు లేకపోయినా నిబంధన ప్రకారం ఆకాశంలోకి గొట్టం నిలబెట్టి, రిబ్బను కట్టారు. పరాంకుశం గారు కత్తిరించారు. ఒక్క పొయ్యి, రోజుకు పాతిక మంది, టోకెన్ల పద్ధతి.

పొయ్యి ఊరికి రాకపోతే ఊరే పొయ్యి దగ్గరికి పోవాలి. కింది ఊళ్ళలో ఉన్న చుట్టాలు లారీలు మాట్లాడుకుని వచ్చి తమతమ మనుషుల్ని దింపుకున్నారు. నిలబడి గడ్డకట్టినవాళ్ళను నిలబెట్టి, కూర్చున్నవాళ్ళను కూర్చోబెట్టి, రోడ్డు వారగా వరసగా పేర్చారు. అంత క్రమశిక్షణ గల లైను ఆ జిల్లాలో ఎవరూ చూడలేదు. ఒకణ్ణొకడు తోసుకున్నది లేదు. జోగారావు నూకాలును పీటతో సహా జీపులో తెచ్చాడు. టోకెను నలభై మూడు. మాఘానికి ఇంకా నాలుగు రోజులుంది.

పొయ్యి ముందు పెట్టాక ముందుగా ఆమె వేళ్ళు కదిలాయి. చిక్కుడుకాయ ఈనె టప్పున ఊడి వచ్చింది. తర్వాత మెడ, తర్వాత పెదాలు. జోగారావు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

"...ఊరుకోను. ఆ సీలు తెంపీసి నానే ఎలిగించీస్తాను," అంది నూకాలు. అని చుట్టూ చూసింది. "ఇదేటి, మన గదేదీ? ఈ సెట్టేటి?"

"అంతేనా?" అన్నాడు జోగారావు.

"అంతే. మరేటనుకున్నావు?"

జోగారావు అక్కడే రోడ్డు మీద చతికిలబడి కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వాడు. అంత సంతోషం అతనికి పెళ్ళినాడు కూడా కలగలేదు.

వెనక టోకెను నలభై నాలుగు బడి పంతులుది. ఆయన కరుగుతూనే "...అగ్గిపుల్ల గీస్తే ఎవడేం చేస్తాడటా?" అన్నాడు. నలభై అయిదు ఒక ముసలమ్మ. "...సీలేటి, దారప్పోగు," అంది. గణకుడు రిజిస్టరు తెరిచి, సగం వాక్యాల పక్కన మిగతా సగాలు రాసుకుంటూ పోయాడు. మొత్తం రెండొందల పన్నెండులో నూటతొంభై వాక్యాలు ఒకే చోటికి వెళ్ళి తేలాయి. ఊరంతా ఏళ్ళ తరబడి సీలు తెంపుదామనే మాట మొదలుపెట్టి, ఆ మాట దగ్గరికి రాగానే గడ్డకడుతోంది.

ఇంత విషయం దాచడం తప్పని గణకుడు నివేదిక పంపాడు. పై కార్యాలయం కోప్పడుతుందని అందరూ భయపడ్డారు. అలాంటిదేమీ జరగలేదు. చలి ఏటా ఎంతో సమయస్ఫూర్తితో వస్తోందని, దాని రాకపోకల్లో జోక్యం అనవసరమని జవాబు వచ్చింది. దాంతోపాటు, పొయ్యి వెలిగించాలన్న నూకాలు ఉత్సాహం వృథా కాకూడదని ఆమెను ఏడో మలుపు పొయ్యికి వెలిగింపు సహాయకురాలిగా వేశారు. ఖాకీ కోటు, స్టూలు, అగ్గిపెట్టె, టోకెన్ల పుస్తకం ఇచ్చారు.

వెచ్చటి ఉద్యోగం ఎవరికి చేదు? మొదటి వారం నూకాలు టోకెను లేనివాళ్ళను కూడా కూర్చోబెట్టింది. రెండో వారం, టోకెను ఉన్నవాళ్ళు మొహం మాడ్చుకుంటే, కాస్త అడగడం మొదలెట్టింది. మూడో వారానికి స్టూలు మీద నుంచి లేవకుండానే "టోకెనేదీ?" అనడం వచ్చేసింది. జోగారావు జీపు తోలుకుంటూ పోతూ, హారను కొట్టి మరీ మురిసిపోయేవాడు.

మరుసటేడు కార్తీకం వెళ్ళేసరికి జీపు పాతదైపోయిందని మూలన పడేశారు. జోగారావుకు ఇంట్లో మోకాళ్ళు బిగుసుకోవడం మొదలైంది. మట్టి మూకుడు ఒకటి పట్టుకుని, పన్నెండు మలుపులు నడిచి దిగి, పెళ్ళాం దగ్గరికి వచ్చాడు.

"రెండు నిప్పులెయ్యే," అన్నాడు.

"టోకెనేదీ?" అంది నూకాలు.

"నానేనే, జోగారావుని."

"నువ్వని తెల్సు మావా. టోకెనేదీ?"

అందరినీ ఎలా అడుగుతుందో తననీ అలాగే అడిగింది. వీసమెత్తు తేడా లేదు. జోగారావు ఛాతీ పొంగింది. ఇలాంటి మనిషి తనను వదిలిపోతుందేమోనని భయపడ్డందుకు సిగ్గుపడుతూ లైను చివరికి నడిచాడు. లైను పదకొండో మలుపు దాకా ఉంది. అక్కడ చలి బాగా ఉంది.

లైనులో ఎవరూ ఎక్కువ మాట్లాడటం లేదు. రిజిస్టరు సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. ఎక్కడ ఆగినా చూడ్డానికి బాగుండే వాక్యాలే మొదలుపెడుతున్నారు. ముందున్న బడి పంతులు వెనక్కి తిరిగి, "ఈ ఏడు ఏర్పాట్లు పోయినేటి కంటే..." అని ఆగిపోయాడు. పొరపాటున కూడా తప్పు పట్టలేని చోట ఆగాడని జోగారావు మెచ్చుకున్నాడు. ఈలోగా తనకు నడుము దాకా గడ్డకట్టేసింది. మూకుడు రెండు చేతులా బుద్ధిగా పట్టుకుని, గణకుడు ఇటే వస్తున్నాడని చూసుకుని, మొహం నిండా నవ్వు తెచ్చుకుని, "సలి పెద్దగా లేదండి," అని పూర్తిగా అనేశాడు. ఆ తర్వాతే గడ్డకట్టాడు.